పావు గుర్రం పాలుదారుడు

మా మామగారు గంగాధరప్ప మరణవార్త నాకు బడిలో అందింది. తొమ్మిదో తరగతికి పద్యం చెబుతున్నాను. ప్రధానోపాధ్యాయులు స్వయంగా గది గుమ్మం దాకా వచ్చి, "అమ్మా, మీరు ఇంటికి వెళ్ళండి" అని మాత్రం అన్నారు. ఆ ఉదయమే ఆయన చేతికి కాఫీ లోటా అందించి బయలుదేరాను. చక్కెర తక్కువైందని సణిగారు. ఇంకాస్త వేస్తే ఎక్కువైందని మళ్ళీ సణిగారు. అంత ఆరోగ్యంగా సణిగిన మనిషి మధ్యాహ్నం కాకముందే అస్తమించారంటే నమ్మడానికి నా మనసు ఎంతకీ ఒప్పుకోలేదు. ఇల్లు చేరేసరికి నడింట్లో ధర్మవరం చీరల మూట విప్పి ఉంది. సగం చీరలు మడతపెట్టి ఉన్నాయి. మడతపెడుతూ పెడుతూనే పక్కకు ఒరిగిపోయారట. ఆయన చేతిలో మిగిలిన నెమలికంఠం రంగు పట్టుచీరను మా అత్త ఎంతసేపటికీ ఎవరినీ తీయనివ్వలేదు.

పరామర్శకు వచ్చినవారిలో ధర్మవరం నేతగాళ్ళు ఉన్నారు, హిందూపురం వ్యాపారులు ఉన్నారు, బెంగళూరు నుంచి కన్నడం మాట్లాడే పెద్దమనుషులు కూడా కారు కట్టించుకుని వచ్చారు. అందరూ కంటతడి పెట్టారు. కళ్ళు తుడుచుకున్న మరుక్షణమే అందరూ ఒకటే అడిగారు, గుర్రం ఎట్లా ఉందని. చిలమత్తూరు చుట్టుపక్కల మా మామగారిని ఇంటిపేరుతో ఎరిగినవారు తక్కువ. గుర్రం గంగాధరప్ప అంటే మాత్రం బస్టాండులో ఎవరైనా ఇల్లు చూపిస్తారు. వర్తక మిత్రులు ఆయన జ్ఞాపకార్థం ఈ చిన్న సంచిక తెస్తూ నన్ను కూడా నాలుగు మాటలు రాయమన్నారు. ఆయన వ్యాపారదక్షత, వాక్శుద్ధి, నేతగాళ్ళ పట్ల ఆయన చూపిన దయ, వీటి గురించి రాయడానికి నాకంటే అర్హులు చాలామంది ఉన్నారు. నేను గుర్రం గురించే రాస్తాను. ఆ మహానుభావుడి అంతరంగం నాకు అర్థమైందంటే అది ఆ గుర్రం వల్లనే.

మామగారిని పొదుపరి అంటే ఆ మాట చాలదు. పార్సిలుకు కట్టి వచ్చిన పురికొసను కోయనిచ్చేవారు కాదు, ఓపిగ్గా ముడి విప్పి ఉండచుట్టి దాచేవారు. భుజాన మూటతో బస్టాండు నుంచి నడిచి రావడమే గాని, ఆటో ఎక్కి ఎరగరు. ధర్మవరంలో మగ్గాల నుంచి దిగిన చీరలు సేకరించి బెంగళూరు దుకాణాలకు వేయడం ఆయన వృత్తి. వారానికి రెండుసార్లు బెంగళూరు ప్రయాణం. ఊరి చివర కొంత మెట్టపొలం ఉంది, అందులో అందరిలాగే వేరుశనగ. ఇంత జాగ్రత్తపరుడు, తొంభైల చివర్లో, నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో, ఒక సాయంత్రం బెంగళూరు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని, తుండుగుడ్డతో తుడుచుకుంటూ ప్రకటించారు.

"ఒక గుర్రంలో పావు పాలు తీసుకున్న్యా."

మా అత్త వంటింట్లో సంగటి గెలుకుతున్నారు. తెడ్డు ఆపకుండానే అడిగారు, "ఏ పావు? ముందరిదా, ఎనకదా?"

"పందెం గుర్రమే. నాలుగు మందిమి కలిసి తీసుకున్న్యాము."

"తల వాళ్ళు పెట్టుకోని తోక నీకిచ్చినారేమో, సరిగ్గా కనుక్కో."

కొత్త కోడలిని, నవ్వకూడదని కొంగు నోట్లో కుక్కుకున్నాను. మామగారు నా వైపు చూసి తనే నవ్వేశారు. ఆ రోజు నుంచి ఆ గుర్రం విషయంలో ఇంట్లో ఆయన పక్షం వహించే మనిషిని నేనొక్కదాన్నే అయ్యాను.

ఈ గొడవలోకి ఆయన్ని దించింది బెంగళూరులో చీరల దుకాణం ఉన్న ఒక శెట్టిగారు. ఎన్నో ఏళ్ళ వ్యాపార స్నేహం. మిగతా ఇద్దరూ శెట్టిగారి మిత్రులు. ఒకరికి కాఫీ తోటలున్నాయి, మరొకరు విశ్రాంత ఇంజనీరు. శెట్టిగారి మాట తీసేయలేక ఒప్పుకున్నారని ఇంట్లో అందరూ అనుకున్నారు. అసలు కారణం ఆయన నాకు తర్వాతెప్పుడో చెప్పారు. ఒకరోజు శెట్టిగారు ఆయన్ని లాయానికి తీసుకువెళ్ళారట. అక్కడ ముదురు గోధుమ రంగు ఆడగుర్రం, ఇంకా పిల్లతనం పోనిది, మెడ చాచి ఈయన భుజం మీది మూటను వాసన చూసి, బయటికి కనిపిస్తున్న ఒక జరీ కొంగును పెదాలతో పట్టుకుందట.

"మూటలో ఉండే వాటిల్లో అదే మంచి చీర, భారతీ. సరుకు తెలిసిన గుర్రం అనుకున్న్యా" అన్నారు.

పేరు పెట్టే దగ్గర నలుగురికీ వాదన జరిగిందట. మిగతా ముగ్గురూ ఇంగ్లీషు పేర్లు చెప్పారు. మామగారు మాత్రం మృగశిర అన్నారు. ముంగారు, అంటే తొలకరి వానల కోసం మా సీమ రైతు ఆకాశం వైపు చూసే కార్తె అది. వినడానికి గంభీరంగా ఉందని వాళ్ళు కూడా ఒప్పుకున్నారు. రేసుకోర్సు మైకులో ఆ పేరు పలకలేక ప్రకటనలు చేసేవాళ్ళు పడిన అవస్థ నేను స్వయంగా విన్నాను.

ఒక్క విషయం స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే ఆయన బతికుండగా ఊళ్ళో కొందరు తేలిగ్గా మాట్లాడారు. మామగారు జీవితంలో ఒక్క రూపాయి పందెం కాయలేదు. "పందెం కాసేటోనికి గుర్రం రొండు నిమిషాల చుట్టం. మనకు ఇంటి మనిషి" అనేవారు. శనివారం పూట ఎవరో ఒకరు తలుపు తట్టి, "ఏమప్పా గంగాధరప్పా, రేపు ఏ గుర్రం మీద కాయల్ల?" అని గుసగుసగా అడిగేవారు. ఆయన అందరికీ ఒకటే జవాబు చెప్పేవారు. "నువ్వు శనక్కాయ విత్తనం ఏసినావు గదా? అంతకు మించిన పందెం యాడుండాది? పోయి ఆకాశంలో మోడం చూసుకోపో."

ఇక మా సీమలో పాలు పశువు, అంటే వాటా పశువు, అనే పద్ధతి గురించి చెప్పాలి. ఆవునో గొర్రెనో ఒకరు కొంటారు, మేపే ఓపిక ఉన్న మరొకరి కొట్టంలో కట్టేస్తారు. ఈతలో వచ్చినది చెరిసగం. కాగితాలుండవు, మాటే. ఆ మాటకు కొన్ని మర్యాదలున్నాయి. పాలుదారుడు పశువును చూడ్డానికి వట్టి చేతులతో వెళ్ళడు, మోపెడు గడ్డో గుప్పెడు ఉలవలో పట్టుకుని వెళతాడు. పశువుకు కష్టం వస్తే ఆ కష్టం ఇద్దరిదీ. ఒకరు వద్దనుకుంటే ఆ పాలు కావాలన్న రెండోవాడికే పోతుంది గాని, మూడోవాడికి అమ్మరు. మామగారికి తెలిసిన పాలు అదొక్కటే. బెంగళూరు రేసుకోర్సులో పావు వాటా అన్నప్పుడు కూడా ఆయనకు అర్థమైంది అదే.

అందుకే మృగశిర మొట్టమొదటి పందెం రోజున అంత అనర్థం జరిగింది. తెల్లవారుజామునే అత్త చేత ఉలవలు ఉడకబెట్టించారు. వాటిలో బెల్లం, రవ్వంత ఉప్పు కలిపించారు. స్టీలు క్యారియరు నిండా పెట్టించుకుని మొదటి బస్సెక్కారు. లాయం దగ్గర గుర్రాన్ని చూసుకునే సయీసు నీళ్ళకు వెళ్ళినట్టున్నాడు. ఈయన క్యారియరు విప్పి, రెండు గిన్నెలూ దాని ముందు పెట్టారు. అది మూత కూడా నాకి వదిలింది. ఎండ ఎక్కేసరికి పొట్ట ఉబ్బి, నేలను కాలితో తన్నడం మొదలుపెట్టింది. ట్రైనరు పరుగున వచ్చారు.

"దీనికి మేత పెట్టింది ఎవరు?"

"నేనేనప్పా. పాలుదారున్ని."

"ఏం పెట్టినారు?"

"ఉలవలు. మెత్తగా ఉడకబెట్టి, బెల్లం కలిపి."

"బెల్లం!" అని ట్రైనరు తల పట్టుకుని అక్కడున్న బకెట్టు మీదే కూర్చుండిపోయారట. పందెం నుంచి గుర్రాన్ని తప్పించారు. మొదటి పందెమని ఇస్త్రీ కోట్లు తొడుక్కుని, భార్యాసమేతంగా వచ్చిన మిగతా పాలుదారుల ముఖాలు ఎట్లా ఉన్నాయో మామగారు ఎన్నడూ వర్ణించలేదు. ఆ రోజు ట్రైనరు ఒక శాసనం చేశారు. ఇకమీదట గంగాధరప్పగారు లాయంలోకి రావాలంటే వట్టి చేతులతోనే రావాలి, లేదంటే కంచె అవతల నిలబడి చూడాలి.

ఆ శాసనం ఆయన్ని బాధపెట్టినంతగా ఏ ఓటమీ బాధపెట్టలేదు. "వట్టి చేతుల్తో పశువు కాడికి ఎట్ల పోయేది భారతీ? అదేమనుకుంటాది?" అని నన్ను అడిగారు. అయినా ఆ మాట జవదాటలేదు. వెళ్ళిన ప్రతిసారీ రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని దాని ముందు నిలబడి, "ఏమీ తేల్యా తల్లీ, తేనియ్యరు" అని క్షమాపణ చెప్పుకునేవారని సయీసు తర్వాత మాకు చెప్పాడు. అత్త బాధ వేరు. "నా ఉలవల్లో ఏం దోసం? ఇన్నేండ్లుగా ఎన్ని ఎద్దులు తినింటాయి, ఒగదానికన్నా కడుపు నొచ్చినాదా?" అని చాలా రోజులు ట్రైనరును తిట్టిపోశారు. గుర్రమంటే గిట్టని మనిషికి ఆ అవమానం వల్ల గుర్రంతో ఏదో ఒక సంబంధం మొదలైందనిపిస్తుంది నాకు.

తర్వాత పందేల పరంపర, దాంతోపాటే ఆశాభంగాల పరంపర. ఆదివారం పందెమైతే సోమవారం ఇంగ్లీషు పేపరు తెచ్చి నా ముందు పరిచేవారు. నేను తెలుగు పండితురాలిని. సమాసాలు విడదీయమంటే విడదీస్తాను గాని, ఆ రేసుల పేజీ నాకు కొరకరాని కొయ్యే. కూడబలుక్కుని చదివేదాన్ని.

"మన పాప గురించి ఏం రాసినారు?"

"ఆరంభంలో మందకొడిగా ఉందట మామా. చివర్లో అలసిపోయిందట."

"మధ్యలో?"

"మధ్యలో సంగతి రాయలేదు."

"మధ్యలో బాగా పోయింటాది. మంచి మాట రాయల్లంటే వీళ్ళకు చెయ్యి రాదు."

ప్రతి ఓటమికీ ఆయన దగ్గర ఒక సమర్థన ఉండేది. నేల తడిగా ఉంది, పక్క గుర్రం బెదిరించింది, జాకీ ముఖం ఆ పూట ప్రసన్నంగా లేదు. ఒకసారి మొదట్లోనే జాకీని కింద పడేసి, తానొక్కతే హాయిగా పరిగెత్తి అన్నిటికంటే ముందు గమ్యం చేరింది. ఆ సాయంత్రం ఆయన ముఖంలో కనిపించిన సంతోషం నేను మరిచిపోలేను. "మన పాప ఫస్టే వచ్చినాది. పైన మనిషి లేడని లెక్కలోకి తీసుకోల్యా, అంతే" అన్నారు. నెలనెలా లాయం ఖర్చుల చీటీ వచ్చినప్పుడల్లా అత్త చేసే ప్రసంగం మాత్రం ఎప్పుడూ మారేది కాదు. మామగారు వింటూ తలూపేవారు. తన తప్పు ఉందనుకున్న చోట ఎదురు చెప్పే అలవాటు ఆయనకు లేదు.

ఒక ముంగారు కాలంలో నన్నూ అత్తనూ కూడా బెంగళూరు తీసుకువెళ్ళారు. అత్త రానంటే రానన్నారు, చివరికి చిత్రాన్నం మూట కట్టుకుని బస్సులో అందరికంటే ముందు కూర్చున్నారు. యజమానులు కూర్చునే చోట మెట్ల మీద మా ముగ్గురికీ చోటిచ్చారు. చుట్టూ అత్తరు వాసనలు, మధ్యలో మా చిత్రాన్నం. సన్నగా జల్లు పడుతోంది. పందెం మొదలయ్యాక నాకు గుర్రాలన్నీ ఒకటిగానే కనిపించాయి. మామగారు కళ్ళు మూసుకుని కూర్చున్నారు. మలుపు తిరిగి ఎదురుగా వస్తుండగా బురదలోంచి ముదురు గోధుమ రంగు ఒకటి బయటపడింది. పక్కన ఏదో కేక వినిపించింది. చూస్తే మా అత్త. కొంగు నడుముకు దోపి, మెట్టు మీద లేచి నిలబడి, "పోవే తల్లీ! పో! నిల్చుకోవద్దు!" అని అరుస్తున్నారు. మృగశిర గెలిచింది. అత్త అరుస్తూనే ఉన్నారు. మామగారు కళ్ళు తెరిచి, గుర్రం వైపు కాక, అత్త వైపు చూశారు.

గెలిచిన గుర్రాన్ని యజమానులు కళ్ళెం పట్టుకుని నడిపించి తీసుకువస్తారు, ఫోటో తీస్తారు. ఆ ఫోటో మా ఇంట్లో ఉంది. అందులో ముగ్గురు పాలుదారులు కెమెరా వైపు చూసి నవ్వుతున్నారు. నాలుగోవారి వీపు మాత్రమే కనిపిస్తుంది. ఆయన కిందికి వంగి, తన ఉత్తరీయంతో దాని కాళ్ళకు అంటిన బురద తుడుస్తున్నారు.

ఆ గెలుపు మళ్ళీ రాలేదు. కొన్నాళ్ళకు దాని ముందుకాలిలో నరం దెబ్బతింది. మళ్ళీ పరిగెత్తదని డాక్టర్లు తేల్చారు. శెట్టిగారి దుకాణం పైగదిలో నలుగురూ కూర్చున్నారు. అప్పటి సంభాషణ శెట్టిగారు పరామర్శకు వచ్చినప్పుడు మా అందరి ముందూ చెప్పారు. పెళ్ళి ఊరేగింపులకు గుర్రాలు తిప్పేవాడికి ఇచ్చేద్దామని ఒకరన్నారు. అంత నడక కూడా దాని వల్ల కాదు, సూదిమందుతో బాధ లేకుండా పంపించడమే పుణ్యమని మరొకరన్నారు. మామగారు ఇద్దరి మాటా విన్నారట. చివరికి, "మా పక్క వద్దన్నవాళ్ళ పాలు కావాలన్నవానికి పోతాది. నాకు కావల్ల" అన్నారట.

"కుంటి గుర్రంతో ఏం చేస్తారండీ?" అని ఇంజనీరుగారు అడిగారు.

"కుంటిదయితే పాలు చెల్లిపోతాదా అప్పా?"

ఆ మాట చెబుతూనే శెట్టిగారు మా నడింట్లో వెక్కివెక్కి ఏడ్చారు.

అలా మృగశిర లారీలో చిలమత్తూరు చేరింది. చేరింది ఎప్పుడు? వరుసగా వానలు ఎగ్గొట్టిన భయంకరమైన కరువులో. పొలాల్లో వేరుశనగ మొలకలోనే మాడిపోయింది. సంతలో పశువులు కొనేవాళ్ళకంటే అమ్మేవాళ్ళే ఎక్కువ. లారీలో వచ్చే సర్కారు గడ్డి కోసం మనుషులు పొద్దుటి నుంచి కాచుకుని ఉండేవారు. అట్లాంటి రోజుల్లో మా ఇంటి ముందు ఒక పందెం గుర్రం దిగింది. జనం గుమిగూడారు. ఒక్కరూ పరాచికం ఆడలేదు. అందులోంచి నరసింహులు ముందుకు వచ్చాడు. మా పొలానికి ఆనుకుని ఉన్న పొలం అతనిది. అంతకుముందు సంతలోనే తన ఎద్దుల జతను అమ్ముకున్నాడు.

"గంగాధరన్నా, నా ఎద్దుల్ని మొన్న సంతకు తోలినా. మేత లేక తోలినా. నువ్వు చూస్తే బెంగళూరు నుంచి గుర్రాన్ని తెచ్చినావు. దీనికి మేత యాడిది? మా గొడ్ల నోటికాడిది గాదా?"

అతని గొంతులో కోపం కంటే వేదనే ఎక్కువ. మామగారు తల దించుకున్నారు. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. గుర్రాన్ని వదులుకోలేరు, ఊరి ముఖం చూడలేరు. ఆయన జీవితంలో నేను చూసిన అతి పెద్ద ధర్మసంకటం అదే. తెల్లవారగానే గుర్రం పగ్గం పట్టుకుని, నన్ను బకెట్టు తీసుకుని రమ్మని బయలుదేరారు. నేరుగా నరసింహులు కొట్టం దగ్గర ఆగారు.

ఎద్దులు లేని ఆ కొట్టం శుభ్రంగా ఊడ్చి ఉంది. మేత వేసే రాతిగాడి కడిగి ఉంది. ఎద్దులు పోయిన తర్వాత కూడా తన భర్త పొద్దున్నే లేచి పేడ లేని నేలను ఊడుస్తున్నాడని, ఊడ్చి ఆ గుంజ దగ్గరే కూర్చుంటున్నాడని నరసింహులు భార్య నాతో మెల్లగా చెప్పింది.

"నరసింహులూ, పాలుకిస్తా. పెట్టుకుంటావా?" అన్నారు మామగారు.

"ఏం పాలన్నా? పిండేదా, దున్నేదా? సగం ఏమొస్తాది నాకు?"

"ఏమీ రాదు."

"మేత?"

"మేత నేను తెస్తా, బెంగళూరు నుంచి. ఈ ఊరి గడ్డిపోచ ఒగటి దీని నోట్లో పడితే నన్నడుగు. నువ్వు నీళ్ళు పెట్టు, ఒళ్ళు రుద్దు, పొద్దున్నే లేచి దాని మొగం చూడు. అంతే నేనడిగేది."

గుర్రం కుంటుకుంటూ కొట్టంలోకి తనే రెండడుగులు వేసి, ఖాళీ గాడిలో ముట్టె పెట్టి ఊదింది. అతను వెళ్ళి మామగారి చేతిలోంచి పగ్గం తీసుకున్నాడు.

"పేరేమి?"

"మృగశిర."

"వాన రాని కార్తె పేరు పెట్టినావే!" అని నవ్వాడు. కరువు మొదలయ్యాక అతను నవ్వడం అదే మొదటిసారని అతని భార్య అన్నది.

మామగారు ఆడిన మాట తప్పలేదు. చీరల మూటతో వెళ్ళి గడ్డి మూటలతో రావడం మొదలుపెట్టారు. పట్టు జరీ తప్ప మరొకటి మోయని భుజం మీద గోనెసంచులు మోశారు. ఆటోకు పెట్టని మనిషి గడ్డికి లగేజీ టికెట్టు తీసుకున్నారు. "ఏమి గంగాధరప్పా, చీరలు పోతాండాయి, గడ్డి వస్తాండాది, ఇదేం వ్యాపారం?" అని కండక్టరు ఆటపట్టిస్తే, "లాభమంతా దీంట్లోనే ఉండాదప్పా" అనేవారు. అట్లా ఒక కరువు దాటింది. వానలు వచ్చాక మా పొలం గట్ల మీదనే గడ్డి మొలిచింది. నరసింహులు మళ్ళీ ఎద్దుల జత కొన్నాడు. గుర్రం మాత్రం అక్కడే ఉండిపోయింది.

ఆ తర్వాతి ఏళ్ళలో సాయంకాలం మామగారి కోసం వెతకాలంటే ఆ కొట్టానికే వెళ్ళాలి. నరసింహులు ఎన్నడూ రేసు చూడలేదు. ఆ గెలిచిన పందెం కథ మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేవాడు. చెప్పిన ప్రతిసారీ మృగశిర వెనకున్న గుర్రాలు ఇంకాస్త దూరం జరిగేవి. ఒకరోజు మా అత్త అది విని, "నేనూ ఉన్న్యా గదా ఆడ, అంత ముందర యాడుండాది?" అని సరిదిద్దబోయారు. "నువ్వు అరుస్తాంటివి, నీకేం కనపడింటాది?" అన్నారు మామగారు. కళ్ళు మూసుకుని కూర్చున్నది తానేనని ఆయనకు గుర్తు చేయడానికి నాకు మనసు రాలేదు. ముగ్గురూ అంతగా నవ్వుతున్నారు.

కర్మలన్నీ ముగిసిన రోజున నరసింహులు వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. మా ఆయన అతన్ని కూర్చోబెట్టి ఎంతో గౌరవంగానే చెప్పారు. "అన్నా, ఇంగ గుర్రం నీదే. సగం గిగం మాకేం వద్దు. గడ్డికి ఏమన్నా కావల్లంటే పంపిస్తాం."

నరసింహులు తల అడ్డంగా ఊపాడు. "అట్ల గాదప్పా. అది పాలు పశువు. ఒక పాలు మీ నాయనది. ఇప్పుడు ఆ పాలు ఎవురిది? ఆ మాట తేల్చండి. నేనొగన్నే అయితే, రేపు నాకేమన్నా అయితే, దాన్నెవురు చూస్తారు? మీ నాయన నాకిచ్చింది గుర్రాన్ని గాదు. మాటనిచ్చినాడు."

వ్యాపారం, ఉద్యోగాలు, పిల్లల చదువులు అన్నీ మా ఆయనకు ఒక్కసారిగా గుర్తొచ్చి ఉంటాయి. మామగారు పోయిన నాటి నుంచి నోరు విప్పని మా అత్త లోపలి గదిలోంచి వచ్చి గడప మీద నిలబడ్డారు.

"నాది" అన్నారు. "ఆ పాలు నాది."

నరసింహులు లేచి చేతులు జోడించి వెళ్ళిపోయాడు.

మహాత్ములను గురించి రాసేటప్పుడు వారి ఆశయాలు కొనసాగిద్దామని రాయడం పరిపాటి. మామా, మీకు ఆశయాలు ఉన్నాయో లేదో నాకు తెలియదు. ఒక ప్రాణితో వాటా కలిపితే, అది గెలిచినా కుంటినా ఆ వాటా చెల్లిపోదని మాత్రం మీరు నడిచి చూపించారు. అంత చిన్న మాటను అంత పెద్ద కరువులో నిలబెట్టుకున్న మనిషిని నేను మళ్ళీ చూడబోను. మీరు లేని లోటు మా వల్ల తీరేది కాదు. ఆ సంగతి మాకంటే బాగా మృగశిరకు తెలిసింది.

అత్తా నేనూ ఇప్పుడు వారానికి రెండుసార్లు కొట్టానికి వెళుతున్నాం. మేము లోపలికి రాగానే అది తల ఎత్తి మమ్మల్ని గుర్తుపడుతుంది. తర్వాత మా ఇద్దరి మధ్య నుంచి మెడ చాచి, బస్టాండు నుంచి వచ్చే దారివైపు చూస్తుంది. మొదటిరోజు నరసింహులు దాని మెడ నిమిరి, "రాడు తల్లీ, ఇంగ రాడు" అన్నాడు. అంతవరకూ కంటతడి పెట్టని మా అత్త దాని మెడ మీద ముఖం ఆనించి ఏడ్చారు. ఇప్పుడు అతను ఆ మాట కూడా అనడం లేదు. బకెట్టు పట్టుకుని పక్కన ఊరికే నిలబడతాడు. అది చూడాల్సినంతసేపు చూసి, తనంతట తనే తల తిప్పుకున్న తర్వాతే నీళ్ళు పెడుతున్నాడు.